ఉత్తీర్ణత వేఱు, ప్రవేశము వేఱు

ఐఐటీ ప్రవేశపరీక్ష ఫలితములు వెలువడినంతనే మన యిండ్లలో పుట్టు ప్రశ్న యొక్కటే: “మావానికి సీటు వచ్చునా?” దీనికి జోస్యము చెప్పువారు పెక్కండ్రు గలరు. ఆ మాట నమ్మి పొలము తాకట్టు పెట్టు తండ్రులును లేకపోలేదు. అట్టివారికి మేము చేయు మనవి యిది.

2024వ సంవత్సరమున జేఈఈ అడ్వాన్స్‌డ్ పరీక్ష వ్రాసినవారు 1,80,200 మంది. అందు ఉత్తీర్ణులు 48,248 మంది. నాడు 23 ఐఐటీలలోను గల సీట్లు 17,740 మాత్రమే. అనఁగా ఉత్తీర్ణులైనవారిలోనే ఇంచుమించు మువ్వురిలో ఇరువురకు సీటు లేదు.

మార్కులను బట్టి యవకాశము నిర్ణయించుట పొరపాటు. ప్రశ్నపత్రము ఏటేట నొక్కతీరున నుండదు. ర్యాంకే ప్రమాణము. సీట్లు కేటాయించు జోసా సంస్థ ప్రతి కళాశాలకును, ప్రతి శాఖకును, ప్రతి రిజర్వేషను వర్గమునకును చిట్టచివర సీటు దొరకిన ర్యాంకును ఏటేటఁ బ్రకటించుచున్నది. మూడు నాలుగేండ్ల యంకెలను సరిపోల్చి చూడవలెను. వాని హెచ్చుతగ్గుల నడుమ మన ర్యాంకు పడినచో నది ఆశయే గాని నిశ్చయము గాదు.

అట్లని భయపడి, కోరిన శాఖను జాబితానుండి తొలఁగింపరాదు. దొరకఁగల వానిలో మనము ముందు వ్రాసినదానినే ఇత్తురు. కావునఁ బైన నాశపడుటవలన క్రిందిదానికి హాని లేదు.

అంచనా బిడ్డకు దారి చూపవలెను. వాని విలువ కట్టరాదు.