సూదికి ముందు చెప్పాల్సిన మాట

పిల్లల వార్డుల్లో శిక్షణ పొందే విద్యార్థుల మీద ముఖచిత్ర కథనం కావాలన్నారు ఎడిటర్. గురువారం రాత్రికి పేజీలు వెళ్లిపోవాలి. నంద్యాల, ఆళ్లగడ్డల గురించి సమాచారం పోగేస్తుంటే నన్ను కట్టిపడేసింది మాత్రం ఒక జాబితా. బీఎస్సీ నర్సింగ్ విద్యార్థులు పిల్లల వార్డులో చేసి చూపాల్సిన పనులంటూ ఇండియన్ నర్సింగ్ కౌన్సిల్ రాసిపెట్టిన జాబితా అది.

మందు మోతాదు లెక్కగట్టడం, ఆక్సిజన్ అందించడం, ఉగ్గుగిన్నెతో పాలు పట్టడం... ఆ వరసలోనే బిడ్డ కదలకుండా కట్టి ఉంచడం కూడా ఉంది. ఇంకాస్త కిందికెళ్తే ప్లే థెరపీ! కట్టి ఉంచాల్సిందీ, ఆడించాల్సిందీ ఆ చేతులే. కట్టడం వార్డు హడావుడిలో దానంతటదే వచ్చేస్తుంది. ఆడించడం మాత్రం ఎవరో ఒకరు పక్కన నిలబడి నేర్పితే తప్ప రాదు.

నొప్పిని కొలిచే పద్ధతులూ ఆ పాఠాల్లోనే ఉన్నాయి. వాటిలో ఆరు ముఖాల బొమ్మంటే నాకు ప్రాణం. నవ్వే ముఖానికి 0, కన్నీళ్లు కార్చే ముఖానికి 10. మూడేళ్లు దాటిన పాప ముందు పెట్టి ‘నీకెంత నొప్పిగా ఉందో చూపించు తల్లీ’ అంటే తనే వేలు పెట్టి చూపిస్తుంది. పాప మొహం చూసి మనం మార్కు వేయకూడదు. 1981లో అమెరికాలోని టల్సాలో, కాలిన గాయాల వార్డులో డోనా వాంగ్ అనే నర్సు, కోనీ బేకర్ అనే చైల్డ్ లైఫ్ స్పెషలిస్టు (ఆస్పత్రిలో పిల్లల భయం, దిగులు తగ్గించే ఉద్యోగి) ఈ పని మొదలుపెట్టారు. నొప్పిని అంకెల్లో చెప్పలేకపోతున్న పిల్లలకు ఖాళీ వృత్తాలిచ్చి, ముఖాలు వాళ్లచేతే గీయించారు. చైల్డ్ లైఫ్ స్పెషలిస్టు అనే కొలువు మన జిల్లా ఆస్పత్రుల్లో వినం కానీ, బేకర్ చేయి కలిపి తయారుచేసిన పనిముట్టు మన నర్సింగ్ పాఠంలోకి ఎప్పుడో వచ్చేసింది.

మాటలు రాని పసివాళ్లకు ఇంకో కొలత ఉంది. ముఖం, కాళ్లు, కదలిక, ఏడుపు, ఓదారిస్తే ఊరుకోవడం. ఒక్కోదానికి 0 నుంచి 2. ఆ అయిదోది చూడండి. బిడ్డను ఓదార్చకుండా ఏ విద్యార్థీ ఆ మార్కు వేయలేడు!

ఈ ఓదార్పు చరిత్ర క్లుప్తంగా: ఆస్పత్రిలో అమ్మకు దూరమైన రెండేళ్ల పాప దుఃఖాన్ని జేమ్స్ రాబర్ట్‌సన్ 1952లో సినిమాగా తీశాడు. 1955లో ఎమ్మా ప్లాంక్ క్లీవ్‌లాండ్ ఆస్పత్రిలో పిల్లల కోసం ప్రత్యేక విభాగం నడిపారు. తల్లిదండ్రులను వార్డులోకి రానివ్వాలని 1959లో బ్రిటన్‌లో ప్లాట్ నివేదిక చెప్పింది. ఇప్పుడు అమెరికాలో చైల్డ్ లైఫ్ స్పెషలిస్టు ఉద్యోగానికి కనీసం 600 గంటల ఇంటర్న్‌షిప్ చేయాలి.

మన దగ్గర హౌస్ సర్జన్‌కు పిల్లల విభాగంలో దక్కేది 3 వారాలే. నంద్యాల ప్రభుత్వ వైద్య కళాశాల 2023లో 150 సీట్లతో మొదలైంది. ఆ తొలి బ్యాచ్ ఇంకా హౌస్ సర్జన్సీకి రాలేదు కాబట్టి, మంచి అలవాటు పెట్టడానికి ఇదే అదను. ఆళ్లగడ్డ నుంచి నంద్యాలకు రెఫర్ అయి వచ్చిన బిడ్డకు ఊరు కొత్త, మనుషులు కొత్త. సూది చేతిలోకి తీసుకునే ముందు ఆ బిడ్డ పేరు అడగడం, చేయబోయేది చెప్పడం, ఖాళీ సిరంజి ఇచ్చి బొమ్మకు సూది వేయించడం... వీటికి కొత్త భవనం అక్కర్లేదు. లాగ్‌బుక్‌లో ప్లే థెరపీ ఎదుట సంతకం పెట్టే టీచర్లకు నా విన్నపం ఒక్కటే: విద్యార్థి బిడ్డను ఆడించడం కళ్లారా చూశాకే పెట్టండి.

అమ్మానాన్నలకు

టీకాల నొప్పి తగ్గించడంపై ప్రపంచ ఆరోగ్య సంస్థ 2015లో సూచనలిచ్చింది. పాలు తాగే బిడ్డకు సూది వేసేటప్పుడు రొమ్ము పట్టించవచ్చు. బిడ్డను బల్లమీద పడుకోబెట్టకుండా ఒళ్లో పట్టుకోవాలి. ఎక్కువ నొప్పి పుట్టించే టీకా చివర్లో వేయాలి. అబద్ధపు ధైర్యం చెప్పకూడదు. అంటే, ‘ఏం కాదు, చీమ కుట్టినట్టుంటుంది’ అన్న మన పాత మాట ఇక వద్దు. ‘అల్లరి చేస్తే డాక్టరు సారుతో సూది వేయిస్తా’ అన్న బెదిరింపు కూడా ఇవాళ్టితో మానేయండి.