‘పుల్ అప్’ అని వినిపిస్తే పైలట్లు ఏం చేస్తారు?

గన్నవరం ఎయిర్‌పోర్ట్ నుంచి గుడివాడ, మచిలీపట్నం, దివిసీమ వైపు నేలంతా చదునే. అటు విజయవాడ దాటితే మాత్రం కొండపల్లి కొండలు. పాత గ్రౌండ్ ప్రాక్సిమిటీ వార్నింగ్ సిస్టమ్‌కి ఈ తేడా ముందుగా తెలీదు. రేడియో ఆల్టిమీటర్‌తో విమానం కిందున్న నేలనే కొలుస్తుంది. ఎదురుగా నిటారు కొండ ఉంటే వార్నింగ్ వచ్చేసరికి టైమ్ మిగలకపోవచ్చు.

1990ల్లో డాన్ బేట్‌మన్ టీమ్ తెచ్చిన ఈజీపీడబ్ల్యూఎస్ దీన్ని సాల్వ్ చేసింది. విమానం పొజిషన్‌ని టెర్రైన్ డేటాబేస్‌తో పోల్చి, ముందున్న కొండ గురించి కూడా చెబుతుంది. ఫోన్‌లో మ్యాప్స్ రాబోయే మలుపు చెప్పినట్టే.

‘పుల్ అప్’ వినిపిస్తే ఆటోపైలట్ తీసేసి, ఫుల్ పవర్ ఇచ్చి, రెక్కలు సమంగా ఉంచి, ముక్కు పైకెత్తాలి. ఎందుకొచ్చిందనే చర్చ తర్వాత.

2012 మే 9న ఇండోనేషియాలో సుఖోయ్ సూపర్‌జెట్ డెమో ఫ్లైట్‌లో సలక్ పర్వతాన్ని గుద్దుకోవడానికి 38 సెకన్ల ముందే వార్నింగ్ వచ్చింది. డేటాబేస్ తప్పనుకుని సిస్టమ్‌ని ఆపేశారు. 45 మంది చనిపోయారు. మొదటి వార్నింగ్ తర్వాత 24 సెకన్లలోపు పైకి లేపి ఉంటే తప్పించుకునేవాళ్లని సిమ్యులేటర్ టెస్టుల్లో తేలింది.

ఇప్పుడు కొత్త తలనొప్పి జీపీఎస్ స్పూఫింగ్. దొంగ సిగ్నల్స్ వల్ల పొజిషన్ తప్పుగా తీసుకుని, ఆకాశంలో ఎంతో ఎత్తున ఎగురుతున్నా ‘పుల్ అప్’ అని అరుస్తోంది. అచ్చం ‘నాన్నా పులి’ కథే. పది దొంగ అలర్ట్‌లు విన్న పైలట్ పదకొండోసారి రెండు సెకన్లు ఆలోచిస్తే, ఆ పదకొండోది నిజమైతే? అలర్ట్ రాసే మనలాంటి డెవలపర్లకీ ఇదే లెక్క: దొంగ అలారం తగ్గించడం కూడా సేఫ్టీ ఫీచరే.