చెరిపినా చెరగని చిట్టా

పల్లెల నుంచి హైదరాబాద్, బెంగళూరు చేరిన సాఫ్ట్‌వేర్ ఉద్యోగులు అనుదినం వాడే ఉపకరణం 'గిట్'. లైనక్స్ రూపకర్త లైనస్ టోర్వాల్డ్స్ 2005లో దీనిని సృష్టించారు. ఒకే ప్రోగ్రామును పదిమంది దిద్దుతున్నప్పుడు ఎవరు, ఎప్పుడు, ఏ వరుసను మార్చారో ఇది నమోదు చేస్తుంది. దుకాణం చిట్టాలో తప్పు అంకెను కొట్టివేసి పక్కన సరైనది వేసినట్లే, ఇందులోనూ పాత ప్రతి చెక్కుచెదరదు. కొత్త మార్పు వికటిస్తే నిన్నటి స్థితికి మరలవచ్చు.

అయితే ఈ జ్ఞాపకశక్తే ఒక్కోసారి ముప్పు తెస్తుంది. ప్రోగ్రాములో పొరపాటున పాస్‌వర్డు రాసి నమోదు చేస్తే, మరునాడు తొలగించినా పాత ప్రతిలో అది పదిలంగానే ఉంటుంది. ఆ ప్రోగ్రాము బహిరంగమైతే ఎవరైనా దానిని వెలికితీయగలరు. అందువల్ల చెరిపివేతతో సరిపెట్టక, వెంటనే పాస్‌వర్డునే మార్చివేయాలన్నది పరిశ్రమలో స్థిరపడిన అభిప్రాయం.