అణుశాస్త్రం చదివినవారికి ఆస్పత్రిలో పనేమిటి?

అణుశాస్త్రం చదివినవారంతా బాంబుల దగ్గరో, విద్యుత్ కేంద్రాల్లోనో పనిచేస్తారని చాలామంది అనుకుంటారు. కాన్సర్‌కు కిరణ చికిత్స చేసే ఆస్పత్రిలో కూడా అలాంటి చదువు చదివినవారు ఉంటారు. వారే మెడికల్ ఫిజిసిస్టులు. ఎమ్మెస్సీ ఫిజిక్సు అయ్యాక ఏడాదిపాటు ఈ విద్య నేర్పే డిప్లొమా 1962లో ట్రాంబేలో మొదలైంది.

కిరణాల మోతాదు నిర్ణయించేది డాక్టరు. అది కణితికి సరిగ్గా అందేటట్టు, పక్క అవయవాలకు వీలైనంత తక్కువ తగిలేటట్టు లెక్కకట్టేది ఫిజిసిస్టు. కోబాల్టు-60 శక్తి సుమారు 5.3 ఏళ్లలో సగానికి పడిపోతుంది. కొత్తలో రెండు నిమిషాలు చాలినచోట అప్పటికి నాలుగు నిమిషాలు కావాలి. మోతాదు తక్కువైతే జబ్బు లొంగదు; ఎక్కువైతే మంచి కండరం కూడా దెబ్బతింటుంది.

ఈ లెక్క ఫలించాలంటే మీ సహకారం కూడా ఉండాలి. ఒంటిమీద పెట్టిన గుర్తులు చెరపకండి. కాస్త నెమ్మదించిందని చికిత్స మధ్యలో మానకండి. గర్భం ఉందన్న అనుమానముంటే ముందే చెప్పండి.

“ఇంటికెళ్ళి పిల్లల్ని ఎత్తుకోవచ్చా?” అని తల్లులు భయపడుతుంటారు. యంత్రంతో బయటినుంచి కిరణాలు పెట్టించుకున్నవారు నిస్సందేహంగా ఎత్తుకోవచ్చు. ఒంట్లో కిరణాలేవీ మిగలవు. థైరాయిడ్‌కు రేడియో అయోడిన్ పుచ్చుకున్నవారి సంగతి వేరు. దాని శక్తి సగం తగ్గడానికే 8 రోజులు పడుతుంది. కాబట్టి డాక్టరు చెప్పినన్నాళ్లు పసిపిల్లలకు, గర్భిణులకు ఎడంగా ఉండాలి.

సందేహం వస్తే ఇరుగుపొరుగుని కాదు, ఆస్పత్రిలోనే అడగండి. జవాబు చెప్పడం కూడా వారి చదువులో భాగమే.