సముద్రపు గాలి, గుడారపు గాలి

జహీరాబాదు మీదుగా పోవు 65వ జాతీయ రహదారి పూనాలో బయలుదేరి మచిలీపట్నము చేరును. ఆ బాటనే తూర్పునకు సాగిన విద్యార్థులు దాపుననున్న మంగినపూడి తీరమున గుడారములు వేయవచ్చును. 2020 మార్చి 11న ప్రపంచ ఆరోగ్య సంస్థ కోవిడ్‌ను మహమ్మారిగా పేర్కొన్నది. అదే నెల 25 నుండి మన దేశమున ప్రయాణములు నిలిచిపోయినవి. అట్టి వ్యాధి పూర్తిగా తొలగక, నిషేధము మాత్రము సడలినప్పుడు, పిల్లలను ఇట్టి విహారమునకు తీసికొనిపోవచ్చునా? ఆరుబయట భయమేల అందురు కొందరు. ఈ మాటలో సగమే సత్యము.

రోగి మాట్లాడినను, దగ్గినను, ఊపిరి విడిచినను తుంపరలు వెలువడును. పెద్దవి త్వరలో నేల రాలును. మిక్కిలి సూక్ష్మమైనవి గాలిలో చాలసేపు తేలియాడును. అగరువత్తి పొగ మూసిన గదిలో నిండును, వాకిట చెదరిపోవును గదా! ఈ కణముల తీరును అట్టిదే.

పగటివేళ ఇసుక నీటికంటె త్వరగా వేడెక్కును. దానిపై గాలి తేలికయై పైకి పోగా, ఆ చోటికి సముద్రము మీది చల్లని గాలి వచ్చును. రాత్రి ఇసుక త్వరగా చల్లారుటచే గాలి నేలనుండి సముద్రమునకు మరలును. అది సాధారణముగా మందముగా వీచును. సరిగా అప్పుడే దోమలకు జడిసి, గుడారము మూసి నలుగురు పండుకొందురు. ఒకని ఊపిరి తక్కినవారికి చేరును. కిటికీలు మూసిన బస్సును ఇట్టిదే. జ్వరము కనబడకముందే వ్యాధి ఇతరులకు అంటగలదు.

కావున గుడారమునకు సముద్రము వైపు ఒకటి, నేల వైపు ఒకటి ద్వారములుంచి, వానికి దోమతెరలు కట్టవలెను. బస్సు కిటికీలు తెరచి, మాస్కు ధరింపవలెను. దగ్గు, జ్వరము గలవారు ఇంటనే ఉండవలెను.

ఉపాధ్యాయులు తరగతిలో అగరువత్తి వెలిగించి, మొదట తలుపులు మూసియు, పిమ్మట ఎదురెదురు కిటికీలు తెరచియు పొగ తీరును చూపవచ్చును. పొగ తొలగుటకు పట్టిన కాలమును గడియారముతో గుర్తించుట విద్యార్థులకు మంచి అభ్యాసము.