సంతకు మేకలను బండి ఎక్కించే ముందు



కోవిల్‌పట్టి, విరుదునగరం చుట్టుపక్కల కరిసల్ నేలలో మన కుటుంబాలు చాలావరకు వానను నమ్ముకున్నవే. వాన తప్పిన ఏడు ఆదుకునేది గొర్రెలు, మేకలు. వేంబూరు గొర్రె జాతికి పుట్టినిల్లు కూడా తూత్తుకుడి, విరుదునగరం జిల్లాల ప్రాంతమే. ఉపకార వేతనం చేతికి అందేలోగా కాలేజీ ఫీజు గడువు వస్తే, నాలుగు మేకలను ఎట్టయపురం శనివారం సంతకు తోలడం మనకు తెలిసిన దారి. వెనుక నడిపించుకొని పోయేవారు. ఇప్పుడు లోడు ఆటో, మినీ లారీ, ట్రాక్టరు ట్రైలరు వచ్చాయి. బండి వచ్చాక దానితోబాటు చట్టమూ వచ్చింది. ఆ నియమాలను వరుసగా ఇక్కడ వివరిస్తున్నాను.

1. నడిపేవారి లైసెన్సు: మోటారు వాహనాల చట్టం, 1988 ప్రకారం కారుకైనా, లోడు ఆటోకైనా, ట్రాక్టరుకైనా 18 ఏళ్లు నిండాలి. మొత్తం బరువు 7,500 కిలోలు దాటిన సరుకు బండికి 20 ఏళ్లు నిండాలి, వేరే తరగతి లైసెన్సు కావాలి. అంతకు తక్కువ బరువున్న సరుకు బండిని లైట్ మోటార్ వెహికల్ లైసెన్సుతోనే నడపవచ్చునని సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం 2024 నవంబరు 6న తేల్చి చెప్పింది.

ప్లస్ టూ చదివే పిల్లవాడికి స్టీరింగు ఇచ్చే తల్లిదండ్రులు ఒక్క సంగతి గుర్తుంచుకోవాలి. 2019 సవరణతో వచ్చిన 199-ఎ సెక్షన్ ప్రకారం, మైనరు నడిపితే సంరక్షకుడికి లేదా బండి యజమానికి 3 ఏళ్ల వరకు జైలు, 25,000 రూపాయల జరిమానా. బండి రిజిస్ట్రేషన్ 12 నెలలు రద్దవుతుంది. ఆ పిల్లవాడికి 25 ఏళ్లు వచ్చేదాకా లైసెన్సు ఇవ్వరు. చదువు ముగిసి ఉద్యోగానికి పోయే వయసంతా అందులోనే గడిచిపోతుంది.

2. ట్రైలరు: చట్టం దృష్టిలో ట్రైలరు కూడా ఒక మోటారు వాహనమే. ట్రాక్టరుకు ఆర్.సి., ఇన్సూరెన్సు ఉంటే చాలదు, ట్రైలరుకూ వేరుగా ఉండాలి. వ్యవసాయానికని రిజిస్టరు చేసిన ట్రైలరులో పక్కవారి మేకలను బాడుగకు వేసుకుంటే, ప్రమాదం జరిగిన రోజున ఇన్సూరెన్సు కంపెనీ ఆ కారణం చూపే అవకాశం ఉంది.

3. బండిలో చోటు: కేంద్ర మోటారు వాహనాల నియమాలలో 125-ఇ నియమం 2016 జనవరి నుండి అమలులో ఉంది. పశువులను మోసే బండిలో ఒక్కొక్కదానికి చోటు విడిగా ఉండేటట్లు శాశ్వతమైన అడ్డుగోడలు ఉండాలి. మేకకు, గొర్రెకు 0.3 చదరపు మీటరు, ఆవుకు, బర్రెకు 2 చదరపు మీటర్లు ఉండాలి. ఆ బండిలో వేరే సరుకు వేయరాదు. బండిలో చేయించిన మార్పును ఆర్.టి.ఓ. ఆఫీసులో చూపి ఆర్.సి.లో ఎక్కించుకోవాలి.

లెక్క కట్టి చూద్దాం. తొట్టి 7 అడుగుల పొడవు, 5 అడుగుల వెడల్పు అనుకుంటే 35 చదరపు అడుగులు, అంటే సుమారు 3.25 చదరపు మీటర్లు. అందులో మేకలైతే 10, ఆవు అయితే ఒక్కటే. "ఇరుకించితే ఇరవై పడతాయి" అనే మాట సంత దారిలో చెల్లుతుందేమో గాని, చెక్‌పోస్టులో చెల్లదు.

4. డాక్టరు సర్టిఫికెట్: పశువుల రవాణా నియమాలు, 1978 ప్రకారం గొర్రెలు, మేకలు 6 గంటలకు మించి ప్రయాణం చేయాలంటే, అవి ప్రయాణానికి తగిన ఆరోగ్యంతో ఉన్నాయని, అంటురోగం లేదని పశువైద్యుడి సర్టిఫికెట్ ఉండాలి. ఎట్టయపురానికి అంతసేపు పట్టదు గాని, కేరళ వైపు పంపేవారికి ఇది తప్పనిసరి. ఆవులు, ఎద్దులకు కూడా సర్టిఫికెట్ కావాలి. ఒక బండిలో 6కు మించి పశువులను ఎక్కించరాదు. కాళ్లు జారకుండా కింద కొబ్బరి పీచు చాప గాని, చెక్క గాని పరచాలి. తోడుగా ఒక మనిషి ఉండాలి.

5. తప్పితే ఏమవుతుంది: ఇదే అసలు విషయం. జంతువులను బాధపెట్టేటట్లు తరలిస్తే 1960 నాటి జంతుహింస నివారణ చట్టం కింద మొదటిసారి జరిమానా 10 నుండి 50 రూపాయలు మాత్రమే. "యాభై రూపాయలే కదా" అని తేలికగా తీసుకోవద్దు. 2017లో వచ్చిన నియమాల ప్రకారం, పట్టుకున్న పశువులను కేసు ముగిసేదాకా గోశాల వంటి చోట ఉంచవచ్చును. వాటి మేత, వైద్యం, తరలింపు ఖర్చును పంపినవారు, బండి యజమాని భరించవలసి వస్తుంది. బండిని కూడా హామీగా నిలిపి ఉంచవచ్చును. 10 మేకలు అమ్మి ఫీజు కట్టాలనుకున్నవారు, మేకలు చేతిలో లేక, బండి లేక, పైగా మేత ఖర్చు కట్టవలసి వస్తే ఆ సంవత్సరం చదువు గతి ఏమిటి?

బ్యాంకు అప్పుతో కొన్న మేకలైతే ఇంకొక జాగ్రత్త కూడా అవసరం. ఇన్సూరెన్సు క్లెయిముకు చెవి ట్యాగు ముఖ్యం. బండిలో ఒరుసుకొని ట్యాగు ఊడిపోకుండా చూసుకోండి. ప్రయాణంలో జరిగే నష్టం పాలసీలో ఉన్నదో లేదో ముందే చదివించుకోండి.

విద్యార్థులకు ఒక మనవి. ఇంట్లో చదువుకున్నవారు మీరే. లైసెన్సు, బండికీ ట్రైలరుకూ ఆర్.సి., ఇన్సూరెన్సు, బండికి ఎఫ్.సి., డాక్టరు సర్టిఫికెట్ ఒక ఫైలులో పెట్టి, గడువు తేదీలు పైన రాసి ఉంచండి. స్కాలర్‌షిప్ దరఖాస్తుకు మార్కుల జాబితా, ఆదాయ ధ్రువపత్రం ఎంత శ్రద్ధగా జతచేస్తారో, ఈ ఫైలునూ అంత శ్రద్ధగా చూడండి. మీ ఫీజు ఆ బండిలోనే ప్రయాణం చేస్తున్నది.