మందు పేరు కాదు, ఆకు చూపించండి

ప్రత్తిపాడులో మా బాబాయి దగ్గర ఒక పుస్తకం ఉంది. అట్ట చిరిగితే గోనెదారంతో కుట్టుకున్నాడు. పేజీల మధ్య పురుగుమందుల షాపు బిల్లులు మడతపెట్టి ఉంటాయి. ఎడమ పక్క ఖర్చు, కుడి పక్క జమ. కూలీల లెక్క మాత్రం చివరి పేజీ నుంచి వెనక్కి నడుస్తుంది. మిర్చి కోతకొచ్చిన ముఠా ఎన్ని బస్తాలు తూచిందో నిలువు గీతలు, నాలుగు గీతలకు అడ్డంగా ఒకటి. కొన్ని పేజీల మీద తారీఖే ఉండదు, 'మృగశిర' అనో 'ఆరుద్ర' అనో కార్తె పేరు ఉంటుంది.

పోయినేడు నేను ఆయన ఫోన్‌లో నోట్సు రాసుకునే యాప్ ఒకటి వేసిచ్చాను. రెండు వారాలు శ్రద్ధగా రాశాడు. మూడో వారం గోనెదారం పుస్తకం మళ్ళీ బయటికొచ్చింది. "బాగానే ఉందిరా, కానీ రాసింది దొరకట్లా" అన్నాడు.

ఇలాంటప్పుడు మనలో చాలామంది చేసే పని, ప్లే స్టోర్‌కి వెళ్ళి రెండు స్టార్లు ఇచ్చి 'సెర్చ్ బాగు చేయండి' అని రాసి రావటం. దాంతో ఏ పనీ జరగదు. అవతల యాప్ తయారుచేసే మనిషి తన ఫోన్‌లో సెర్చ్ నొక్కి చూసుకుంటాడు. ఆయనకు బాగానే దొరుకుతుంది. ఇంకేం బాగు చేస్తాడు?

మిర్చి తోటలో ఆకు ముడుచుకుంటే రైతు షాపుకి రెండు రకాలుగా వెళ్ళొచ్చు. పక్క చేనాయన కొట్టిన మందు పేరు చెప్పి అదే ఇవ్వమనొచ్చు. లేదా రెండు ఆకులు తుంచి పట్టుకెళ్ళొచ్చు. ఆకు అంచులు పైకి ముడుచుకుంటే పైముడత, అది తామర పురుగు పని. కిందికి ముడుచుకుంటే కిందిముడత, అది నల్లి పని. ఒకదాని మందు రెండోదానికి పనిచేస్తుందన్న భరోసా లేదు. 2021లో నల్ల తామర పురుగు వచ్చి పువ్వుల్లో చేరి తెలుగు నేల మీద మిర్చి తోటలను ఊడ్చేసినప్పుడు, అలవాటైన మందునే మళ్ళీ మళ్ళీ కొట్టినవాళ్ళకు ఖర్చు మిగిలింది, పురుగు పోలేదు. ఆకు చూపించినవాడికి కనీసం సరైన ప్రశ్న ఎదురవుతుంది.

యాప్‌కి సలహా ఇవ్వటమూ ఇంతే. ఫలానా బటన్ పెట్టండి అనటం మందు పేరు చెప్పటం. నేనేం రాశాను, ఏం వెతికాను, ఏం దొరకలేదు అని చెప్పటం ఆకు చూపించటం.

బాబాయి ఫోన్ తీసుకుని ఆయన ఏం వెతికాడో చూశాను. మొదటి మాట 'పత్తి'. రాసింది మాత్రం 'ప్రత్తి'. ఊరి బోర్డు మీద ఉండేది ప్రత్తిపాడు, నోట పలికేది పత్తిపాడు. మనిషికి రెండూ ఒకటే. యాప్‌కి మధ్యలో ఒక రకారం అడ్డం. రెండో మాట 'పొలం'. ఆయన రాసింది 'పొలానికి రెండు బస్తాలు యూరియా'. ఇంగ్లీషులో మాటకి ముందో వెనకో చిన్న ముక్క విడిగా నిలబడుతుంది గాబట్టి అసలు మాట చాలావరకు చెక్కు చెదరదు. తెలుగులో విభక్తి చేరేసరికి మాట రూపమే మారిపోతుంది. పొలం, పొలాన్ని, పొలానికి, పొలాలు. 'పొలం' అని కొడితే చివరి సున్నతో సహా అక్షరం అక్షరం సరిపోయినదే యాప్ చూపిస్తుంది. 'పొలానికి'లో ఆ సున్న లేదు.

మూడోది కంటికి కనపడని తంటా. 'మార్కెట్‌లో' అని కొందరు రాస్తారు, 'మార్కెట్లో' అని కొందరు. మొదటి దాంట్లో ట్‌కీ లోకీ మధ్య ఒక అక్షరం దాగి ఉంటుంది. దానికి ఆకారం లేదు, వెడల్పు లేదు. లకారం వెళ్ళి టకారం కింద ఒత్తుగా కూర్చోకుండా ఆపటమే దాని ఉద్యోగం. కొన్ని కీబోర్డులు దాన్ని వాటంతట అవే వేసేస్తాయి, కొన్ని వేయవు. బాబాయి ఒక ఫోన్‌లో రాసింది ఆయన కొడుకు ఇంకో ఫోన్‌లో వెతికితే దొరకకపోవటానికి ఇదొక కారణం. వెతికేటప్పుడు ఆ దాగిన అక్షరాన్ని పట్టించుకోవద్దని ప్రోగ్రాములో చెప్పటం పెద్ద పనేం కాదు. చెప్పాలని అడిగినవాళ్ళు ఉండాలి, అంతే.

చూశారా, 'సెర్చ్ బాగు చేయండి' అన్న ఒక్క ఫిర్యాదులో మూడు వేరువేరు తెగుళ్ళున్నాయి. ఈ మూడింటినీ ఒకే ఉత్తరంలో పెడితే తేలికైనది కూడా బరువైనదాంతో కలిసి మూలపడుతుంది. విభక్తుల సంగతి నిజంగా కష్టం, నెలలు పడుతుంది. దాగిన అక్షరం సంగతి ఒక మధ్యాహ్నం పని కావచ్చు. అందుకే ఉత్తరానికి ఒక్క విషయం. అందులో మీరు టైప్ చేసిన మాట, వెతికిన మాట, తెరమీద కనపడినదాని ఫొటో, ఫోన్ మోడల్, యాప్ వెర్షన్.

ఇంకొకటి కూడా పెట్టండి. ఆ లోటును మీరు ఇప్పుడెలా నెట్టుకొస్తున్నారో రాయండి. నా దృష్టిలో అన్నిటికన్నా బలమైన సాక్ష్యం అదే. వాట్సాప్‌లో తనకు తానే మెసేజ్ పంపుకునే వీలు 2022 నవంబరులో వచ్చింది. దానికి ముందు జనం ఏం చేసేవాళ్ళు? ఇంట్లో ఎవరినో చేర్చి ఒక గ్రూపు పెట్టి, వెంటనే వాళ్ళను తీసేసి, ఒంటరిగా మిగిలిన ఆ గ్రూపులో పాల లెక్క నుంచి పాస్‌బుక్ ఫొటో దాకా దాచుకునేవాళ్ళు. ఆ వంకర దారే అవసరం ఎంతుందో చెప్పింది.

అక్షరాల లోకంలోనూ సాక్ష్యం అడుగుతారు. పాత తెలుగు అచ్చు పుస్తకాల్లో మాట చివరి పొల్లు నకారానికి ప్రత్యేకమైన రూపం ఉండేది, నకారపొల్లు అనేవారు. కంప్యూటర్లకు అది తెలిసేది కాదు. యూనికోడ్‌లో (కంప్యూటర్లు వాడే అక్షరాల పట్టికలో) చేర్చమని అడగాలంటే మాకు కావాలి అంటే చాలదు, అది నిజంగా అచ్చయిన పుటలు జతచేసి చూపాలి. అలా అది 2021లో, యూనికోడ్ 14వ కూర్పులో చోటు దక్కించుకుంది. గోనెదారం పుస్తకంలో పేజీని ఫొటో తీసి పంపటం కూడా అలాంటి సాక్ష్యమే.

ఇక బాబాయికి కావలసినవి వేరే ఉన్నాయి. మిరపకాయ కోసిన చేత్తో తెర ముట్టుకుని, అదే చెయ్యి కంటికి తగిలితే ఏమవుతుందో ఇక్కడ ఎవరికీ చెప్పక్కర్లేదు. అందుకని మాటతో రాసుకోవాలి. మాటతో చెప్తే 'పద్దెనిమిది వందలు' అన్నది 1,800 అని పడాలి, 'ఎకరన్నర' అంటే ఒకటిన్నర ఎకరమని తెలియాలి. లక్షకి కామా మన పద్ధతిలో, 1,00,000 అని ఉండాలి. గుర్తుచేయటమూ అంతే. పత్తి కొనే ప్రభుత్వ సంస్థ సీసీఐకి అమ్మాలంటే 2025 నుంచి కపాస్ కిసాన్ యాప్‌లో పేరు నమోదు చేసుకుని స్లాట్ తీసుకోవాలి. తేమ 8 శాతం లోపుంటే పూర్తి మద్దతు ధర, 12 దాటితే కొనరు. అలాంటప్పుడు స్లాట్ రోజు ఉదయం గంట మోగితే ఏం లాభం? పత్తి ఆరబెట్టటానికి నాలుగు రోజుల ముందు మోగాలి.

అన్నిటికన్నా ఆయన మనసు పడింది కార్తెల మీద. ఏడాదికి 27 కార్తెలు, ఒక్కోటి పదమూడు పద్నాలుగు రోజులు. జూన్ 7, 8 ప్రాంతంలో మృగశిర వస్తుంది. 'పోయిన మృగశిరకి ఏ విత్తనం పెట్టాను' అని ఆయన తలలో ప్రశ్న పుడుతుంది గానీ 'జూన్ 12న' అని పుట్టదు.

తయారుచేసేవాళ్ళ వైపు నుంచి కూడా ఒకమాట. ఒక్క బటన్ పెడితే అది చిన్న ఫోన్‌లో, పెద్ద ఫోన్‌లో, సిగ్నల్ లేని చేలో, ఇద్దరు ఒకే నోట్సు దిద్దుతున్నప్పుడు, అన్నిచోట్లా పనిచేయాలి. ఆ తర్వాత ఏళ్ళ తరబడి దాన్ని మోయాలి. అందుకే మంచి సలహాకీ కాదని జవాబు రావచ్చు. అది అవమానం కాదు. కాకపోతే కార్తెలు అనగానే 'అదేమిటి' అని అడిగే మనిషికి, పుస్తకం పేజీ చూపిస్తే కనీసం ఇది సరదా కాదని తెలుస్తుంది.

మొన్న ఆదివారం ఇద్దరం కూర్చుని ఉత్తరం రాశాం. దాగిన అక్షరం సంగతి ముందు పంపుదాం, తేలిక గాబట్టి తొందరగా చేస్తారు అన్నాను నేను.

"కార్తెలు ముందు పెట్టు" అన్నాడు బాబాయి.

"అది పెద్ద పని బాబాయ్. ముందు రాసింది దొరకాలి కదా."

"దొరకాలంటే ముందు రాయాలి గదరా. నాకు తారీఖు గుర్తులేకే గదా రాయటం మానేసింది."

ఆ మాట పోయినేడు నాకు చెప్పలేదాయన. నేనూ అడగలేదు. రాసిన ఉత్తరం పంపకుండా ఆపి, పుస్తకం తెరిచి, మృగశిర పేజీ ఫొటో తీశాను.